మత్తులో మా పాప చూసిన కళ్లం

దయ్యాల మీద నాకెప్పుడూ నమ్మకం లేదు. తమ్ముడి మీద ఉండేది. రెండూ నా తెలివితేటలే అనుకునేవాణ్ణి. అందులో సగం తప్పని తేలింది. మిగతా సగం గురించి ఇప్పుడు గట్టిగా మాట్లాడలేను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో సంగతి. మాది అద్దంకి దగ్గర పల్లె, మిరప వేసేవాళ్ళం. మా పాప హారిక అప్పటికి రెండో తరగతి. కాస్త పరిగెత్తితే ఆయాసం, ఎప్పుడూ జలుబు. గుంటూరు డాక్టరు పరీక్ష చేయించి, గుండెలో పై గదుల మధ్య గోడకు పుట్టుకతోనే రంధ్రం ఉందన్నాడు. ఛాతీ కోయక్కర్లేదట. తొడ దగ్గర రక్తనాళంలోంచి సన్నటి గొట్టం గుండెదాకా పంపి, చిన్న గొడుగులాంటి పరికరం విప్పి రంధ్రం మూసేస్తారట. చిల్లుపడ్డ బస్తాలు కుట్టిన చెయ్యి కదా, నాకంతా అర్థమైపోయినట్టు తలాడించాను. మా ఆవిడ ఏడుస్తూనే ఉంది.

హైదరాబాదు బయల్దేరే నాటికి మా మిరపకాయ కళ్లంలో ఎండుతోంది. ఆపరేషన్ అప్పంతా ఆ కాయ మీదే తెచ్చాను. పక్కనే తమ్ముడు శీను కుప్ప. పరాయివాళ్ళ కుప్ప పక్కనుంటే మావాళ్ళు ముగ్గుపిండితో చుట్టూ గీత గీస్తారు, ఎవరు దాటినా చెరిగి తెలుస్తుంది. తమ్ముడి పక్కన గీస్తే వాణ్ణి దొంగ అన్నట్టే. నేను గీయలేదు.

"నువ్వు పాపని చూసుకో అన్నయ్యా, కాయ సంగతి నాకొదిలెయ్" అన్నాడు. వదిలేశాను.

హైదరాబాదులో ఆపరేషన్ అయ్యాక, పరికరం చక్కగా కూర్చుందని డాక్టరు చెప్పాడు. మధ్యాహ్నం పాప కళ్ళు తెరిచింది. అమ్మా అనలేదు, మంచినీళ్ళు అడగలేదు.

"నాన్నా, బాబాయి మన కాయలు వాళ్ళ కుప్పలో పోసుకుంటున్నాడు. మనదాంట్లో తెల్లవి పోస్తున్నాడు. చేతికి ఎర్రగుడ్డ కట్టుకున్నాడు."

"మత్తు దిగేటప్పుడు పిల్లలిలాగే మాట్లాడతారండి" అని నర్సు నవ్వింది. నేనూ నవ్వాను. తమ్ముణ్ణి అనుమానించనందుకు నా మీద నాకే ముచ్చటేసింది.

ఇంటికొచ్చి కళ్లానికి వెళ్ళాను. పైపైన మంచి కాయే. లోపలికి చెయ్యి పెడితే అంతా ధర పలకని, తెల్లబడ్డ తాలు. శీను ఎడమచేతికి ఎర్రగుడ్డ ఉంది. మేం వెళ్ళేటప్పుడు ఆ చెయ్యి బాగానే ఉంది.

"చేతికేమైందిరా?"

"కొడవలి గీసుకుంది, మీరెళ్ళిన మర్నాడు."

"మరి కాయకేమైంది?"

"మంచుకి తెల్లబడిందేమో అన్నయ్యా."

"పాప ఆపరేషన్ రోజున మా కాయ నీ కుప్పలో పోసుకున్నావు."

వాడి మొహం పాలిపోయింది. "ఎవరు చెప్పారు? కూలోళ్ళంతా అన్నాలకి పోయారుగా."

అన్నాక నాలిక్కరుచుకున్నాడు. "నాకూ పిల్లలున్నారన్నయ్యా" అన్నాడు. హారికను భుజాల మీద మోసినవాడు ఆ మాటన్నాడు. కాయ పోయినందుకు కాదు, ఆ మాటకి నాకు ఆ రాత్రి అన్నం దిగలేదు.

మిరప ఇంట పుట్టిన పిల్లకు కలలోనూ మిరపకాయలే వస్తాయని సరిపెట్టుకోవచ్చు. తాలు కాయలు అది రోజూ చూసేదే. కానీ ఆ ఎర్రగుడ్డ? కళ్లంలో ఫోను లేదు, ఊరినుంచి మా దగ్గరికి ఎవరూ రాలేదు. తర్వాత చూపించడానికి వెళ్ళినప్పుడు డాక్టర్నే అడిగాను. ఆయన తెరమీద గుండెను చూసి, అంతా బాగుంది, బడికి పంపండి అన్నాడు. పాపను అడిగితే తనకేమీ గుర్తులేదంది.

నేను పంచాయతీ పెట్టలేదు. శీనుతో ఒకే మాట చెప్పాను. "హారికే చూసిందిరా. ఆ పరికరం పెట్టాక దూరాన జరిగేవి కూడా కనిపిస్తాయట. డాక్టరే చెప్పాడు."

అప్పటినుంచి వాడు పాప ఎదురుపడితే తల దించుకుంటాడు. తన పొలంలో తన నీళ్ళు పెట్టుకునేటప్పుడు కూడా ఓసారి మా ఇంటివైపు చూస్తాడని మరదలే మా ఆవిడతో చెప్పింది. వాణ్ణి ఆడించడానికే ఆ అబద్ధం చెప్పాను. అది అబద్ధమేనా అని ఎవరైనా నిలదీస్తే మాత్రం, ఇన్నేళ్ళయినా నా దగ్గర జవాబు లేదు.