బూరుగుమెట్ట పొర

ఆకివీడులో పుట్టినవాళ్ళకు రాయి అంటే రైలుపట్టాల మీది కంకరే. ఎంత లోతు తవ్వినా ఒండ్రుమట్టి, నీళ్ళు, చేపలు! అలాంటి ఊరి పిల్ల ఉమాకుమారి పోయిపోయి రాళ్ళ చదువు చదివింది. తాడేపల్లిగూడెంలో కాలేజీ పిల్లలకు జియాలజీ చెబుతోంది. ఆదివారం వస్తే చాలు, సుత్తి సంచిలో వేసుకుని స్కూటీ మీద మెట్టప్రాంతానికి పరుగు. "చేపల చెరువులు చూసుకోక ఈ బండలేంటే నీకు?" అని ఇంట్లోవాళ్ళు ఆడిపోసుకుంటే నవ్వేసేది.

ఓ ఆదివారం నల్లరాతి క్వారీ గోడలో కనబడిందండీ ఆ చార! పైన నల్లరాయి, కింద నల్లరాయి, మధ్యన జానెడు తెల్లటి పొర. యాసిడ్ చుక్క వేస్తే బుసబుసా పొంగింది. సున్నపురాయే! అందులో సముద్రపు ఆల్చిప్పలు. అంటే ఈ మెట్ట మీదికి ఒకప్పుడు సముద్రం వచ్చి వెళ్ళిందన్నమాట! ఉమాకుమారికి ఆ పూట అన్నం సయించలేదు. ఫోటోలు తీసి, ముక్కలు కొట్టి తెచ్చుకుని, వ్యాసం రాసి పత్రికకు పంపింది. పొరకు తన గురువు నిత్యానందం మాస్టారి పేరు పెట్టింది. మరి మనవైపు అంతేగా, బిడ్డ పుడితే ముందు పెద్దల పేరే గుర్తొస్తుంది.

వ్యాసం వెళ్ళిన దారినే తిరిగొచ్చింది. మనుషుల పేర్లు కుదరవట. ఒక్క గోడలో కనిపిస్తే చాలదట, ఇంకోచోట కూడా చూపించమన్నారు. ఉసూరుమంటూ ఏలూరు వెళ్ళి మాస్టారికి చెప్పింది.

మాస్టారు పకపకా నవ్వారు. "నా పేరేంటమ్మా? నన్ను వెతుక్కుంటూ బస్సెక్కి రావడానికి నేనేమన్నా ఊరినా? పొర ఎక్కడ కనబడిందో ఆ దగ్గరి ఊరి పేరు పెట్టాలి. అది ఇంకే పొరకీ పెట్టింది కాకూడదు."

"జానెడే కదండీ, అసలు పేరిస్తారంటారా?"

"మందంతో పనేముంది? పైదానికీ కిందదానికీ లేని గుణం దానికుండాలి, అంతే. పెద్దదైతే ఫార్మేషన్ అంటాం, అందులో భాగమైతే మెంబర్, అన్నిటికంటే చిన్నది బెడ్. నీది బెడ్. కాకపోతే, ఎవరికి అనుమానమొచ్చినా వచ్చి వేలుపెట్టి చూసుకునే గోడ ఒకటి నిలిచుండాలి. గోడ లేకపోతే పేరూ లేదమ్మా."

మర్నాడే క్వారీకి పరిగెత్తింది. ఇంకెక్కడి గోడ! పేల్చేసి, కంకర చేసి లారీలకెత్తేశారు. కొంప మునిగిందనుకుంది. ఏడుపొచ్చింది కూడా. అయినా ఊరుకునే రకమా? ఎండాకాలమంతా మెట్టలో గొయ్యి కనబడితే చాలు, తొంగి చూసింది. లంకెబిందెల కోసం తిరుగుతోందని జనం చెవులు కొరుక్కున్నారు.

చివరికి బూరుగుమెట్ట అనే చిన్న పేటలో ఓ పామాయిల్ తోట పక్కన పొక్లెయిన్ బావి తవ్వుతుంటే ఆగింది. వంగి చూసింది. నల్లరాతి నడుమ తెల్లటి చార!

"దొరికిందండీ! అమ్మయ్యో, దొరికిందండీ!" అని గట్టు మీద గంతులు వేసింది.

తోట యజమానురాలు జ్ఞానప్రసూనాంబ గొడుగు మూసి మరీ వచ్చింది. "ఏవండీ, నీళ్ళు పడక నేనేడుస్తుంటే మీకు పండగ్గా ఉందా? ఏం దొరికింది, బంగారమా?"

"కాదండీ, సముద్రం!"

"ఉప్పునీళ్ళా? అదొక్కటే తక్కువైంది నా బతుక్కి! రేపు పూడ్పించేస్తున్నాను, పదండి."

ఉమాకుమారి గబగబా కిందికి దిగి ఆల్చిప్ప ఉన్న ముక్క ఒకటి తెచ్చి ఆవిడ చేతిలో పెట్టింది. క్వారీ గోడ పోయిన సంగతి చెప్పింది. "ఈ గోడ కూడా పూడిస్తే ఇది ఉందంటే ఎవరూ నమ్మరండీ. ఒక్క పక్క వదిలేయండి, మీకు పుణ్యముంటుంది."

"వదిలేస్తే గొడ్డో గోదో పడిందంటే ఎవరిదండీ పూచీ? అయినా మీ రాయికి పేరొస్తే నాకేమొస్తుంది?"

"నా పేరు కాదండీ, మీ పేట పేరే పెట్టాలి. బూరుగుమెట్ట బెడ్ అని. ఈ పొర గురించి ఏ దేశంవాళ్ళు రాసినా ఆ మాటే రాయాలి."

జ్ఞానప్రసూనాంబ చేతిలో ముక్కను అటూ ఇటూ తిప్పింది. గొంతు తగ్గింది.

"మా పేట పేరా? రోడ్డు మీద బోర్డే లేదండీ మాకు. బస్సు కండక్టరుకి చెబితే ఎక్కడుందమ్మా అంటాడు. మా అమ్మాయి శుభలేఖల్లో కూడా, చుట్టాలు దారి తప్పుతారని పక్కూరి పేరే వేయించాం."

"దీనికి మీ పేట పేరే ఉంటుందండీ, తప్పకుండా ఉంటుంది" అంది ఉమాకుమారి.

ఆవిడ పొక్లెయిన్ వైపు తిరిగి కేకేసింది. "బాబూ, ఆపెయ్! ఆ పక్క గోడ ముట్టుకోకు. దీని చుట్టూ కంచె వేయించాలి." మళ్ళీ ఉమాకుమారి వైపు తిరిగి వేలు చూపించింది. "బూరుగుమెట్ట అనే రాయాలమ్మా. పక్కూరి పేరు వేశారో, నేనే వచ్చి పూడ్చేస్తాను!"