కర్రోడి నడక

రేపల్లె స్టేషన్లో బతికే కుర్రకుక్క బుడ్డోడికి తల్లి గుర్తులేదు. గుర్తున్నదల్లా ముసలికుక్క కర్రోడే. తెనాలి రైలు పూర్తిగా ఆగేదాకా కదలొద్దనీ, చీపురు పట్టుకున్నవాళ్లకి ఎదురెళ్లొద్దనీ నేర్పింది వాడే. ఎండాకాలం కుళాయి పక్కన చల్లటి చోటు తను లేచి మరీ ఇచ్చేవాడు. పోయిన వారం బెంచీ కింద పడుకున్న కర్రోడు మళ్లీ లేవలేదు. అప్పట్నుంచి రైలొచ్చినా బుడ్డోడికి తల ఎత్తబుద్ధి కావట్లేదు.

ఇవాళ ఆకలికి ఆగలేక, వెనక కాలొకటి పైకెత్తి, మూడు కాళ్ల మీద కుంటుకుంటూ రూతమ్మ టీకొట్టు దగ్గరికెళ్లాడు.

"అయ్యో, నీ కాలికేమైందిరా?" అని రూతమ్మ పట్టి చూసింది. ముల్లూ లేదు, దెబ్బా లేదు.

ఏనాడో బండి తొక్కేసిన కాలితో కర్రోడు రోజూ అలాగే వచ్చేవాడు. బన్ను అడగాలంటే అలాగే నడవాలనుకున్నాడు బుడ్డోడు.