పదో తరగతి తల్లి

ఆయమ్మ ఆ బళ్లో పనికి చేరిన పద్దెనిమిదేళ్లలో నలుగురు హెడ్మాస్టర్లు మారారు గానీ, డ్రిల్లు మాస్టారు మాత్రం మారలేదు. ఆయన పరుగెత్తగా చూసినవాళ్లు లేరు. వరండాలో కుర్చీ వేయించుకుని, విజిల్ నోట్లో పెట్టుకుని కునుకు తీసేవాడు. గురక పెట్టినప్పుడల్లా విజిల్ కూసేది. ఫౌలేమోనని పిల్లలు ఆట ఆపేసేవాళ్లు.

వాలీబాల్ కోర్టుకు సున్నం గీతలు గీసేదీ, నెట్టు చిరుగులు కుట్టేదీ ఆయమ్మే. ఒకప్పుడు ఆమె కూడా ఇదే బడి తరఫున ఆడింది. సాయంత్రం గదులు ఊడ్చాక కొంగు బొడ్లో దోపుకుని ఆడపిల్లలకు సర్వీసు నేర్పేది.

హెడ్మాస్టరుకు రిటైరయ్యేలోపు బల్లమీద వాలీబాల్ పోటీల కప్పు కావాలి. దాంతో డ్రిల్లు మాస్టారు పక్క ఊరినుంచి ఒక గట్టి ఆటగత్తెను పట్టుకొచ్చాడు. ముప్ఫైకి దగ్గరపడ్డ మనిషికి రెండు జడలు వేయించి, పదో తరగతి హాజరుపట్టీలో పేరెక్కించాడు. ఆమెకు చోటివ్వడానికి దర్జీ కూతుర్ని జట్టులోంచి తీసేశాడు. ఆ పిల్ల ఏడుస్తూ వచ్చి ఆయమ్మ దగ్గర కూలబడింది.

"ఇదేం అన్యాయం మాస్టారూ?" అని అడిగేసింది ఆయమ్మ.

"చీపురు పని నీది. అది చూసుకో."

"చూసుకుంటాలెండి. చెత్త ఎక్కడుందో తెలిసిందిగా."

పోటీల రోజు పిల్లలకు తోడుగా ఆయమ్మనూ పంపారు. కొత్తామె కొడుతుంటే అవతలి పిల్లలు బెదిరిపోయారు. మొదటి సెట్టు గెలిచారు. రెండో సెట్టు మధ్యలో, జనంలో ముసలమ్మ చెయ్యి విడిపించుకుని మూడేళ్ల పిల్లాడొకడు కోర్టులోకి పరుగెత్తుకొచ్చాడు. "అమ్మా, ఆకలి!" అంటూ కొత్తామె కాళ్లు చుట్టేసుకున్నాడు.

"ఎవరీ బాబు?" అన్నాడు రిఫరీ.

"తమ్ముడండీ, తమ్ముడు!" డ్రిల్లు మాస్టారు అడ్డుపడ్డాడు.

"తమ్ముడు ఇంట్లో ఉయ్యాల్లో ఉన్నాడు," అన్నాడు పిల్లాడు.

మైదానమంతా ఘొల్లుమంది. బడిని పోటీలనుంచి రెండేళ్లు వెలివేశారు. మంచినీళ్లు తెస్తానని వెళ్లిన డ్రిల్లు మాస్టారు ఆ పూట మళ్లీ కనబడలేదు. పిల్లలు తలలు దించుకుని కూర్చున్నారు. ఆయమ్మ నేరుగా రిఫరీ దగ్గరికి వెళ్లింది.

"కప్పు వద్దు బాబూ. ఇంత దూరం వచ్చారు, ఉత్తుత్తి ఆటైనా ఆడుకోనివ్వండి."

అవతలి జట్టు సరేనంది. దర్జీ కూతురు దిగింది. రెండు పాయింట్ల తేడాతో ఓడిపోయారు. అయినా తిరుగు బస్సులో ఆ ఆటను తలచుకుని గొంతులు పోయేలా అరిచారు.

మర్నాడు హెడ్మాస్టరు ఆయమ్మను గదిలోకి పిలిచాడు.

"ఆ పిల్లాణ్ని నువ్వే ఉసిగొల్పావట?"

"ఆకలేస్తే తల్లి దగ్గరికెళ్లమని పిల్లాడికి నేను చెప్పాలా సార్? మీసాలొచ్చిన మగాళ్లకే సిగ్గెందుకుండాలో చెప్పలేకపోతున్నాను."

ఆయన ఫైలులో తలదూర్చాడు. నెల తిరక్కుండా డ్రిల్లు మాస్టారికి బదిలీ వచ్చింది. శిక్ష కాదు, ఇంకా పెద్ద బడికి. ఆయన స్థానంలో ఎవరూ రాలేదు. దాంతో పిల్లలకు ఆట నేర్పమని హెడ్మాస్టరే ఆయమ్మను అడగాల్సి వచ్చింది.

"కాగితం మీద మాత్రం రాసివ్వలేను," అన్నాడు గొణుగుతూ.

"వద్దులెండి సార్. మీరు కాగితం మీద రాసేవి ఎంత నిజమో ఊరంతా చూసింది," అని ఆమె బంతి తీసుకుని బయటికి నడిచింది.