గేటు బయట తేలిన టెంట్లు

నేను దయ్యాలను నమ్మే మనిషిని కాను. మనుషులనే సరిగ్గా నమ్మను, ఇక దయ్యాలెంత! అటవీ శాఖలో బీట్ ఆఫీసర్‌గా చేరాక ఈ గుణం ఇంకా ముదిరింది. పాల ప్యాకెట్ కాస్త తేలిగ్గా అనిపించినా దాని అంచులు వెతుకుతానని మా ఆయన ఏడిపిస్తుంటారు. ఏం చేయను, నా ఉద్యోగమే అలాంటిది. అడవిలో ఏది కదిలినా నేల మీద గుర్తు మిగులుతుంది. ఆ గుర్తు పట్టుకుని వెళ్తే చివర ఒక జంతువో మనిషో ఉంటారు. నాకు తెలిసిన అడవి ఇంతే. అందుకే ఇప్పుడు రాయబోయేది రాయాలంటే నాకే చిరాగ్గా ఉంది.

అప్పట్లో నా బీట్ నల్లగండ్ల దాటాక ఉన్న చిన్న రిజర్వు అడవి. చుట్టూ గోడ, గోడ వెంట కందకం, అవతల అద్దాల ఆఫీసులు, అపార్ట్‌మెంట్లు. లోపల కుందేళ్లు, కౌజు పిట్టలు, నెమళ్లు, ఒక కుంట. బండ్లు రాకూడదు, టెంట్లు వేయకూడదు, నిప్పు పెట్టకూడదు. వేట సంగతి చెప్పనే అక్కర్లేదు. అయినా శనివారం వచ్చిందంటే జీపుల వాళ్లకు కాలు నిలవదు. ఎక్కువ మంది ఐటీ కుర్రాళ్లే. ఎయిర్‌గన్ ఒకటి కొనుక్కుని, కుందేలు కొట్టి కాల్చుకు తింటే వారమంతా పడ్డ చాకిరీ మరిచిపోతామని వాళ్ల లెక్క.

అడవికి గేటు ఒక్కటే. పక్కన చిన్న గది. అందులో వాచర్ యాదగిరి, అతని భార్య, ఇద్దరు ఆడపిల్లలు ఉండేవారు. అతనిది ఔట్‌సోర్సింగ్ కొలువు. అది పోతే ఆ గదీ పోతుంది. ఆ చుట్టుపక్కల కిరాయిలు అతని జీతానికి అందేవి కావు.

మా శాఖలో ఒక పద్ధతి ఉంది. గేటు లోపల బాటకు అడ్డంగా జల్లించిన మట్టి పరుస్తాం. సాయంత్రం ముళ్లకంపతో చదును చేసి వదిలేస్తే, దాని మీదుగా ఏది వెళ్లిందో, ఎటు వెళ్లిందో పొద్దున్నే చదువుకోవచ్చు. ఆ చోట బాటకు ఒకవైపు బండరాళ్లు, రెండోవైపు కందకం. మట్టి తొక్కకుండా చక్రం దాటే వీలే లేదు.

ఒక శనివారం సాయంత్రం, గోడ పక్క అపార్ట్‌మెంట్‌లో ఉండే ఒకావిడ నాకు ఫోన్ చేసి కుంట దగ్గర జీపు లైట్లు కనిపిస్తున్నాయంది. మా రేంజ్ ఆఫీసర్‌కి చెప్పాను. తుపాకీ ఉంటే ప్రమాదం, తెల్లవారగానే అందరం కలిసి వెళ్దామన్నారు. యాదగిరిని గేటు దగ్గరే కూర్చోమన్నాను.

తెల్లవారి మేం వెళ్లేసరికి గేటు బయట, రోడ్డు పక్కన, ఒక జీపు, రెండు టెంట్లు ఉన్నాయి. తాళ్లు బిగుతుగా ఉన్నాయి, మేకులు దిగి ఉన్నాయి. లోపల మనుషులు గురక పెడుతున్నారు. లేపితే మొదట బయటికి వచ్చిన అబ్బాయి చుట్టూ చూసి బిత్తరపోయాడు.

"ఇదేంటండీ... మేం పడుకుంది కుంట పక్కన కదండీ?"

వెనకున్నవాడు అతని చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "లేదు మేడమ్, ఇక్కడే వేసుకున్నాం. రోడ్డు పక్కన పడుకుంటే తప్పేంటండీ?"

దొంగ నాటకమనుకున్నాను. లోపలికి వెళ్లి చూశాం. అవతలి వైపు ఎవరో లారీతో గోడ కూలగొట్టారు, ఆ మట్టితో కందకం కొంత పూడింది. అక్కడినుంచి జీపు చక్రాల గుర్తులు కుంట దాకా వచ్చాయి. కుంట పక్కన వెచ్చటి బూడిద, మేకులు దిగిన కన్నాలు. అటు గానీ గేటు వైపు గానీ తిరిగి వెళ్లిన గుర్తులు మాత్రం లేవు. గేటు దగ్గర పరిచిన మట్టి చెక్కుచెదరలేదు.

యాదగిరిని కాక ఇంకెవరిని అనుమానిస్తాను? మేం వస్తున్నామని తెలిసి, గేటు తీసి వాళ్లను బయటికి పంపి, మట్టి మళ్లీ చదును చేసి ఉంటాడు. కుంట దగ్గరి గుర్తుల్ని కూడా కంపతో ఊడ్చేసి ఉంటాడు. అతన్ని నిలదీశాను.

"నేను తియ్యలే మేడం. తాళం చెవి నా నడుముకే ఉంది. రాత్రంత గీడనే కూసున్న. బండి సప్పుడు గిట్ల ఏం ఇనబడలే."

కళ్లముందు జీపు నిలబడి ఉంటే చప్పుడు వినపడలేదట! నా అనుమానం రెట్టింపైంది. వాళ్ల ఎయిర్‌గన్ అడవిలో కాక రోడ్డు మీదే దొరికింది కాబట్టి మేం అనుకున్న వేట కేసు నిలవలేదు. "ఇంటి దొంగ ఎవరో తేల్చమ్మా. యాదగిరే అయితే తీసేద్దాం," అన్నారు రేంజ్ ఆఫీసర్.

తేల్చడానికి నాకు తోచిన ఉపాయం ముగ్గు. రోజూ సాయంత్రం యాదగిరి మట్టి చదును చేసి గదిలోకి వెళ్లాక, ఆ మట్టి పట్టీ పొడుగునా వేలితో సన్నగా మెలికల ముగ్గు గీసేదాన్ని. నాది ఎడమచేతి వాటం, నా మెలికలు అందరికీ తిరిగేవైపు తిరగవు. మా అత్తగారు ఎన్నిసార్లు సరిదిద్దినా రాలేదు. గీశాక ఫోన్‌లో ఫొటో తీసుకునేదాన్ని. మట్టి చెరిపి మళ్లీ పరిచినవాడు ఎంత కష్టపడ్డా నా ముగ్గు వేయలేడు.

కొన్ని వారాలకే మళ్లీ జరిగింది. వేరే జీపు, వేరే మనుషులు. దారి అదే, కూలిన గోడ వైపు నుంచి కుంట దాకా. పొద్దున్న మాత్రం గేటు బయట టెంట్‌లో నిద్ర. నేను పరుగున వెళ్లి మట్టి చూశాను. ముగ్గు ముగ్గులాగే ఉంది. ఫొటోతో పోల్చాను. గీసేటప్పుడు నా గాజు తగిలి పడిన చిన్న గీత కూడా అలాగే ఉంది.

పక్కన కడుతున్న అపార్ట్‌మెంట్ల క్రేన్ బండిని ఎత్తి బయట పెట్టిందేమోనని కూడా విచారించాను. నవ్వకండి. దాని చెయ్యి గోడ దాకా కూడా రాదు.

అయినా యాదగిరి మీద అనుమానం పోలేదు. అతనికి తెలుసు. ఒకరోజు సూటిగానే అడిగాడు, "మీరు నన్ను తీసేస్తరా మేడం? పిల్లల ఇస్కూలు నడిమిట్ల ఉంది. జర ముందుగాల చెప్పుండ్రి, గది చూసుకుంట." ఇంకా ఏదీ తేలలేదని చెప్పి స్కూటీ ఎక్కాను. ఆ రోజు అన్నం సహించలేదు.

కూలిన గోడ కట్టించాక ఆఖరి పరీక్ష పెట్టాను. ఒక సాయంత్రం నా స్కూటీని కుంట దగ్గర నిలిపి, హ్యాండిల్ లాక్ వేసి నడిచి బయటికొచ్చాను. మట్టి మీద ముగ్గు గీసి, గేటుకు నేను కొత్తగా కొన్న తాళం వేశాను. పొద్దున్నే రేంజ్ ఆఫీసులో పని ఉందని చెప్పి యాదగిరిని చందానగర్‌లోని మా ఇంటికి తీసుకెళ్లాను. భోజనం పెట్టి హాల్లో పడుకోమన్నాను. తలుపు గడియ నేనే వేశాను. రెండు తాళం చెవులూ నా దిండు కిందే పెట్టుకున్నాను. మా ఆయనకు విషయం చెబితే, పిచ్చి ముదిరిందన్నారు.

పొద్దున్నే ఆటోలో ఇద్దరం గేటు దగ్గరికి వెళ్లాం. నా స్కూటీ బయట ఉంది.

హ్యాండిల్ లాక్ వేసినట్టే ఉంది. టైర్లకు కుంట దగ్గరి నల్లమట్టి. గేటు తాళం నేనే తీశాను. లోపల ముగ్గు అలాగే ఉంది. కుంట దాకా నడిచాం. స్కూటీ స్టాండ్ దిగిన గుంట ఉంది, లోపలికి తెచ్చిన చక్రపు గీత ఉంది. బయటికి వెళ్లిన గీత లేదు. భయమేసిందని చెప్పడానికి నాకు సిగ్గేం లేదు.

యాదగిరి ఆ గుంట పక్కన వంగి చూశాడు. ఇప్పటికైనా నమ్ముతారా అని నన్ను నిలదీస్తాడనుకున్నాను. అతను అడిగింది ఒక్కటే. "ఇగ నేను కాదని రాస్తరా మేడం?"

రాశాను. యాదగిరికి ఎటువంటి సంబంధమూ లేదని, ఆ మాటకు బాధ్యత నాదేనని రాశాను. రేంజ్ ఆఫీసర్ చదివి, "మరి ఎవరు?" అన్నారు. తెలియదన్నాను. అటవీ అధికారి నోట రాకూడని మాట అది. యాదగిరి కొలువు నిలిచింది. నన్ను మాత్రం ఇంకో రేంజ్‌కి వేశారు. నాకు బాధనిపించలేదు, ఆ పిల్లలు ఆ గదిలోనే ఉన్నారు.

నా స్థానంలో వచ్చిన బీట్ ఆఫీసర్ ఈ మధ్య ఫోన్ చేశాడు. కుర్రవాడు, మర్యాదస్తుడు. గోడ ఇంకోచోట కూలగొట్టి లోపలికి వెళ్లిన జీపు మళ్లీ గేటు బయట దొరికిందట.

"యాదగిరి కాదని మీరు రాసిన్రు, సరే మేడం. ఏమనుకోకుండ్రి, గేటు చెవి ఇంకోటి గిట్ల మీ తాన ఉన్నదా?"

లేదన్నాను. జరిగిందంతా మొదటినుంచి చెప్పాను. "అట్లనా," అన్నాడు. గేటుకు కొత్త తాళం వేయిస్తానని చెప్పి ఫోన్ పెట్టేశాడు. నమ్మలేదని ఆ మాటతోనే తెలిసింది. అతని స్థానంలో ఉంటే నేనూ నమ్మను. నేనూ ముందు నన్నే అనుమానిస్తాను. ఆ బండ్లు బయటికి ఎలా వస్తున్నాయో ఈరోజుకీ నాకు తెలియదు. అతనికి చెప్పగలిగింది కూడా అంతే.