ఊరి కోసం ఉంచిన తోలు

1943 ఎండాకాలం. పెద్దమందడికి రెండు కోసుల దూరంలో మా ఊరు. నేను తోళ్లు పదునుచేసేవాణ్ణి. ఆదివారం మా వాడ ప్రార్థనలో వాక్యం చదివేవాణ్ణి కూడా.

ఊళ్లో పశువు చస్తే తోలు మాది. దానితో, ఎడ్లతో బావినీళ్లు తోడే రైతుల మోటలకు బొక్కెనలు కుట్టి ఇచ్చేవాళ్లం. పంట కల్లానికి వచ్చినప్పుడు రైతు మాకు గింజలు కొలిచేవాడు. దాన్ని మేర అంటారు. పచ్చితోలును సున్నంనీళ్లలో నానవేసి, వెంట్రుకలు గీకి, లంద అనే తొట్టిలో తంగేడుచెక్క నీళ్లలో ఊరబెట్టాలి. నెల పైనే పడుతుంది. తొందరపెడితే ఆ తోలు నీళ్లకు ఆగదు. అందుకే ఎవరి మోట ఎప్పుడు చినిగినా అందేలా, పదునైన తోలు ఒకటి ఎప్పుడూ వాడలో ఉండాలన్నది పెద్దలనాటి కట్టుబాటు.

ఆ యేడు యుద్ధం మూలంగా తోళ్లకు గిరాకీ పెరిగింది. వనపర్తి నుంచి ఒక తోళ్ల సేటు వచ్చి పచ్చితోళ్లు సైతం కొనుక్కుపోయేవాడు. ఆకలికి అందరూ అమ్ముకున్నారు. చివరికి ఉమ్మడి తోలు ఒక్కటే మిగిలింది. అంతలో గాలిదుమారానికి మా ప్రార్థనమందిరం కప్పు లేచిపోయింది. పిల్లలు అక్షరాలు నేర్చేదీ అక్కడే. వానలకు ముందే గూనపెంకు కప్పాలి. ఆ తోలు అమ్ముదామన్నాడు సంఘం పెద్ద దావీదు తాత.

"తాతా, అది సంఘానిది గాదు. ఊరిది," అన్నాను.

"ఊరోళ్ల మోటలు మంచిగనే నడుస్తున్నయ్ గద. ఇంకో గొడ్డు సస్తది, ఇంకో తోలొస్తది. గొడ్లు సచ్చుడు బందైతదారా?"

అందరూ నవ్వారు. దేవుని ఇల్లు బోడిగా ఉండగా ఇంకా ఎదురుచెప్పడానికి నాకు నోరు రాలేదు. తోలు సేటు బండెక్కింది.

గూన కప్పడం ముగిసిందో లేదో, కిష్టన్న అనే చిన్నరైతు చినిగిన బొక్కెన భుజాన వేసుకుని వచ్చాడు. బావి కింద ఆయన తైద, అంటే రాగిపైరు, పొట్టకొచ్చింది. ఆ కోతల కోసమే మా వాడ కూలీలు కాచుకుని ఉన్నారు.

"ఏల్యా, తోలు తియ్. పైరు ఎండుతున్నది."

"తోలు లేదు పటేలా."

"లేకుంటెట్ల? మీ తాతలన్న ఎన్నడన్న లేదన్నరా?"

"అమ్మినం."

ఆయన భుజాన ఉన్న బొక్కెనను కింద పడేశాడు. తర్వాత సున్నంలో నానుతున్న, మొన్ననే చచ్చిన గొడ్డు తోలు చూపించాడు.

"గిదే కుట్టు."

"పచ్చిది. కుట్టు నిలువదు, మురుగుతది."

"మురిగేదాంక నడుస్తది గద. జర దయుంచు."

కుట్టాను. ప్రతి పోగుకూ ప్రార్థించాను. తోలు నీళ్లకు ఉబ్బి, కుట్లు కోసుకుపోయి, బొక్కెన బావిలోనే విడిపోయింది. పాతదానికి అతుకులు వేస్తే నీళ్లు పైకి వచ్చేలోపే కారిపోయాయి. పక్క రైతులు తమ బొక్కెనలు అరువివ్వడానికీ లేదు. వాళ్ల పైర్లూ అదే ఎండలో ఉన్నాయి.

కొన్నాళ్లకు కిష్టన్న ఎండిన తైదలోకి పశువులను వదిలాడు. గట్టు మీద నిలబడిన నన్ను పిలిచాడు.

"నీ మేకలను గూడ తోలుకరా, ఏల్యా. ఈ యేడు కల్లం లేదు. నీ మేర గిదే అనుకో."

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉంటే ఓర్చుకునేవాణ్ణి.

కోతలు లేక వాడలో సగం ఇళ్లు మట్టిపనికి కృష్ణ దాటి పోయాయి. దావీదు తాత కొడుకూ కోడలూ బిడ్డను చంకనేసుకుని పోయారు. వానాకాలంలో వాళ్లిద్దరే తిరిగివచ్చారు. బిడ్డ అక్కడే జ్వరంతో పోయింది. ఆ ఆదివారం తాత ప్రార్థనకు లేచి, "ప్రభువా" అని ఆగిపోయాడు. ఎంతకీ తర్వాతి మాట రాకపోతే మేమే ఆమేన్ అన్నాం.

సేటు మోసం చేయలేదు. మంచి ధరే ఇచ్చాడు. కానీ ఆ తోలుకు అంగట్లో ఉన్న విలువ వేరు, కిష్టన్న బావి దగ్గర ఉన్న విలువ వేరు. పొరుగువాడి అక్కరకు ఉంచినది తీసి దేవునికిస్తే అది కానుక కాదని ఆ యేడు నేను నేర్చుకున్నాను. ఈ మాట దావీదు తాతతో ఎన్నడూ అనలేదు. అనవలసిన అవసరం రాలేదు.