గల్లీకో మాట చెప్పిన మా అత్త

నా చిన్నప్పుడు లాల్‌దర్వాజాలో మా ఇంటి ముందుగదిలో మా మేనత్త కుట్టుమిషను పెట్టుకుంది. మామయ్య పోయాక పుట్టింటికి వచ్చిన మనిషి ఆమె. బోనాల పండుగలోపు పని నడిస్తే సరే, లేకుంటే మిషను అమ్మేసి అత్తవారింటికి వెళ్లిపోవాలని మా తాతయ్య తేల్చేశాడు. అక్కడ ఆమెకు వంటింటి చాకిరీ తప్ప ఏమీ ఉండదని చిన్నదాన్నైన నాకూ తెలుసు. అత్త లేని ఇల్లు తలచుకుంటేనే ఏడుపొచ్చేది.

లేడీ టైలర్ అని బోర్డులు రాయించి చుట్టుపక్కల చాయ్ హోటళ్లన్నిటిలో పెట్టించింది అత్త. జనం ఎక్కడుంటే అక్కడే కదా చెప్పాలి! తీరా వచ్చినవాళ్లంతా పాంట్లు పొట్టి చేయించుకునే మగవాళ్లే. నాన్న నవ్వు ఆపుకోలేకపోయాడు. అత్త కూడా నవ్వేసింది.

"చాయ్ తాగెటోళ్లకు చెప్పిన గదా బిడ్డా. జాకెట్లు తొడిగెటోళ్లు హోటల్ల కూసుంటరా?" అంది నాతో.

మర్నాడు మైకు కట్టిన రిక్షా ఒకటి కుదుర్చుకుంది. ఆడమనిషి మైకు పట్టుకుని గల్లీల్లో తిరగడమేంటని నాన్న లొల్లి చేసినా వినలేదు, నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. మా గల్లీలో నల్లా వచ్చే వేళ, ఆడవాళ్లంతా బిందెలతో బయటే ఉన్నప్పుడు, పట్టుచీరల మీదికి జాకెట్లు పండుగలోపే కుట్టి ఇస్తానని తెలుగులో చెప్పింది. పక్కనే ముస్లింలు ఎక్కువగా ఉండే మొఘల్‌పురాకు మాత్రం మగవాళ్లు దుకాణాలకు పోయిన మధ్యాహ్నం వెళ్లింది. అక్కడ జాకెట్ల ఊసే ఎత్తలేదు. పెళ్లి కుర్తీలు కుడతానని, కొలతలకు తానే ఇంటికి వస్తానని, బట్టను మగచెయ్యి తాకదని ఉర్దూలో చెప్పింది. ఆడగొంతు వినగానే పరదాలు కదిలాయి. అందరూ ఖాలా అని పిలిచే ఒక ముసలావిడ మమ్మల్ని లోపలికి పిలిచి, షర్బత్ ఇచ్చి, మనవరాలి పెళ్లి బట్టలన్నీ అత్తకే అప్పగించింది.

తిరిగొస్తుంటే నాకు అనుమానం పట్టుకుంది. ఇక్కడో మాట, అక్కడో మాట చెప్పడం మోసం కాదా అని అడిగేశాను. అత్తకు కోపం రాలేదు.

"రెండు దిక్కులా నిజమే చెప్పిన బిడ్డా. ఎవరికి ఏం కావాల్నో గదే ముందుగాల చెప్పిన. లేనిది ఉన్నదని చెప్తే గప్పుడు మోసం."

బోనాల నాటికి ముందుగదిలో అడుగుపెట్టే చోటు లేకుండా బట్టలు పేరుకున్నాయి. మిషను అమ్మే మాట తాతయ్య మళ్లీ ఎత్తలేదు. అత్త మాతోనే ఉండిపోయింది. నాకెంత సంతోషమో చెప్పలేను.

ఇప్పుడు నా ఫోను తెరిస్తే మోకాళ్ల నూనెల ప్రకటనలు, నా మనవరాలి ఫోనులో రంగురంగుల బూట్లు. వయసు, ఊరు, భాష చూసి జనాన్ని గుంపులుగా విడదీసి, ఎవరి ప్రకటన వాళ్లకే చూపిస్తారట. అదో పెద్ద విద్య అని మనవరాలు చెబుతుంటే, మా అత్త రిక్షాలో కూర్చుని ఎప్పుడో చేసింది పోవే అంటాను. కాకపోతే ఆ నూనెల వాళ్లు రేపే మంచాన పడతానన్నట్టు నన్ను బెదిరిస్తారు. అత్త ఎవరినీ బెదిరించలేదు.

నేనూ ఎవరికైనా ఏదైనా చెప్పబోయేముందు, వినేది ఎవరో చూసుకుని వాళ్లకు కావలసిందే ముందు చెబుతాను. లేనిది ఒక్క ముక్క నోటిదాకా వచ్చిందా, అత్త మొహం గుర్తొచ్చి నాలుక అక్కడే ఆగిపోతుంది.