వెనక వరస

ఆ అపార్ట్‌మెంటులో అందరూ ఆయన్ని గడువు మావయ్య అనేవారు. మందుల గిడ్డంగిలో స్టోర్‌కీపరుగా పనిచేసి రిటైరైన మనిషి. ఎవరి చేతిలో ఏ పొట్లం కనిపించినా అందుకుని, కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి, అడుగున అచ్చయిన తేదీని కళ్ళకు ఆనించుకుని చదివేవాడు. బాగుంటే తల ఊపి తిరిగి ఇచ్చేవాడు. లేకపోతే ఆ పొట్లం వైపు, దాని యజమాని వైపు ఒకేలా జాలిగా చూసేవాడు.

ఆ అలవాటు ఉద్యోగం నుంచి వచ్చిందని అందరూ అనుకునేవారు. నిజానికి అది భయం నుంచి వచ్చింది. పెళ్ళయిన కొత్తలో, కూతురు చంటిపిల్లగా ఉన్నప్పుడు, వాన వాళ్ళ వీధిని ముంచేసింది. భార్యకి ఒళ్ళు కాలిపోయే జ్వరం. పాపకి పాలు లేవు. ఆయన నడుంలోతు నీళ్ళలో వెళ్ళి, మూసి ఉన్న కొట్టు తలుపు బాది, పాలపొడి డబ్బా తెచ్చాడు. గిడ్డంగిలో పొద్దస్తమానం తేదీలు చూసే మనిషి ఆ ఒక్క డబ్బా మీద తేదీ చూడలేదు. వాంతులతో పాప పిండేసిన గుడ్డలా వడలిపోయింది. బతికింది. ఆయన మాత్రం ఆ నీళ్ళలోంచి పూర్తిగా ఒడ్డుకి రాలేదు.

ఆ తర్వాత హాల్లోకి ఇనుప బీరువా వచ్చింది. బట్టలకి కాదు, ఆపదకి. కింది అరలో తాగునీళ్ళ డబ్బాలు. దాని పైన కొవ్వొత్తులు, అగ్గిపెట్టెలు, టార్చిలైట్లు, బ్యాటరీలు. ఆ పైన దూది, కట్టు గుడ్డలు, జ్వరం మాత్రలు. చేతికందే రెండు అరల్లోనూ బిస్కట్లు, రస్కులు, పాలపొడి, జామ్ సీసాలు. తలుపు తీస్తే సబ్బు, మైనం, కొత్త అట్టపెట్టె కలిసిన వాసన. రేపు అనేది ఆ అరల్లో వరసలు వరసలుగా నిద్రపోతున్నట్టు ఉండేది.

గిడ్డంగిలో నేర్చుకున్న పద్ధతే ఇంట్లోనూ. కొత్తగా కొన్నది వెనక వరసలోకి, పాతది ముందుకి. ఇంట్లో వాడుకోవాల్సింది ఎప్పుడూ ముందు వరసలోదే. అలా అయితే ఏదీ వృథా కాదు, ఆపద వచ్చిన రోజుకి బీరువాలో మంచి సరుకే ఉంటుంది. లెక్కలో ఎక్కడా తప్పు లేదు.

చూడ్డానికి వచ్చినప్పుడల్లా మరదలు ఆటపట్టించేది.

"బావగారూ, ఇంటికొచ్చిన మరదలికి మెత్తబడిన బిస్కట్లేనా? వెనకాల తళతళలాడేవి అన్నున్నాయి, ఒక్కటి లాగితే బీరువా కూలిపోతుందా?"

"ముందువి ముందు అవ్వాలమ్మా. వరస తప్పితే వెనకవి పాడైపోతాయి."

"అక్కా, నీ మీద కూడా ఎక్కడో తేదీ అచ్చు కొట్టించే ఉంటారు, చూసుకో!"

భార్య కొంగుతో నోరు మూసుకుని నవ్వింది. "నాది ఎప్పుడో దాటిపోయుంటుందిలేవే. పారెయ్యకుండా ఉంచుకున్నారు, అదే పదివేలు."

ఆయనా నవ్వాడు. నవ్వుతూనే పక్కకి ఒరిగిన జామ్ సీసాని సర్దాడు.

కూతురు పెరిగి పెద్దదై, పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయింది. ఇంట్లో ఇద్దరే మిగిలారు. బీరువా మాత్రం చిన్నది కాలేదు.

చివరికి ఆ వాన రానే వచ్చింది. మధ్యాహ్నం భోజనాల వేళకే ఆకాశం నల్లని దుప్పటి కప్పుకుంది. కరెంటు పోయింది. వీధి కాలువై, కాలువ ఏరై, కింది వాటాల్లోకి నీళ్ళు వచ్చేశాయి. ముందుగా మెట్లెక్కి వచ్చింది టైలరమ్మ. కుట్టుమిషను తల ఊడదీసి, పాత చీరలో చుట్టి, చంటిబిడ్డని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని వచ్చింది.

"మావయ్యగారూ, కాస్త చోటిస్తారా?"

"రామ్మా, రా. నీతోబాటు అందర్నీ పిలువు."

ఆయన బీరువా తలుపులు రెండూ బార్లా తెరిచాడు. అంత వెలుగు ఆయన ముఖంలో ఎవరూ చూసి ఉండరు. పరీక్షకి ఏళ్ళ తరబడి చదివి, చదివిన ప్రశ్నే వచ్చిన పిల్లాడిలా ఉన్నాడు. కొవ్వొత్తులు వెలిగించాడు. మంచినీళ్ళు కొలిచి పోశాడు. భార్య చిన్న పొయ్యి మీద పాలపొడి కలిపి టీ కాచింది. వాన ఆగలేదు, మర్నాడు కూడా నీళ్ళు తీయలేదు. హాలంతా మనుషులు, తడి బట్టలు, పిల్లల ఏడుపులు.

ముందు వరస అయిపోయింది. మధ్య వరస అయిపోయింది. వాన మొదలవడానికి కాస్త ముందు కొన్న వెనక వరస పొట్లాలు విప్పి, ఆయన అందరికీ పంచాడు. భార్య కూడా ఒక బిస్కట్ తీసుకుని కొరికింది. ఆ చప్పుడుకి తనే ఉలిక్కిపడింది.

"ఏమండీ, ఇది కొత్త రకమా?"

"లేదోయ్. మనం ఎప్పుడూ తెచ్చేదే."

"మరి ఇలా కరకరలాడుతోందేంటి? వెన్న వాసన కూడా వస్తోంది."

టైలరమ్మ ఫక్కున నవ్వింది. "అదేంటత్తయ్యగారూ, ఇవెప్పుడూ ఇంతే కదా! మా ఇంట్లో పొట్లం విప్పితే పూట కూడా ఆగదు."

"అవునా," అంది భార్య.

అంతే అంది. అందులో కోపం లేదు, నిష్ఠూరం లేదు. మిగిలిన ముక్కని చాలాసేపు, దూరంగా ఎవరో పాడుతుంటే వింటున్నట్టు తింది. ఆయన చేతిలో ఖాళీ పొట్లం అలాగే ఉండిపోయింది.

గిడ్డంగిలో రోజూ లారీలు వస్తాయి, పోతాయి. వెనకది మర్నాటికల్లా ముందుకొస్తుంది. ఇంట్లో రెండు నోళ్ళు. ఇక్కడ వెనక పెట్టింది నెలలకి నెలలు చీకట్లో పడుకుని, వాసన పోగొట్టుకుని, మెత్తబడి, గడువుకి కాస్త ముందు ఆమె పళ్ళెంలోకి వచ్చేది. ప్రతి వస్తువులోని మంచి రోజులన్నీ ఆయన ఆపద కోసం దాచాడు. మిగిలిన రోజులు ఆమెకి పెట్టాడు. ఆమె అవే రుచి అనుకుని కాపురం చేసింది.

నీళ్ళు తీశాక అందరూ చేతులు పట్టుకుని మరీ చెప్పారు. "మీరు లేకపోతే ఏమైపోయేవాళ్ళం మావయ్యగారూ!" ఆ మాట వినాలని ఆయన ఎన్నేళ్ళు ఎదురుచూశాడో. ఇప్పుడు వింటుంటే అది ఎవరి గురించో చెబుతున్నట్టుంది. తల ఊపుతూనే, వంటింట్లో గిన్నెలు కడుగుతున్న భార్య వీపు వైపు చూశాడు.

నీళ్ళు తగ్గి కొట్లు తెరిచాక ఆమెని వెంటబెట్టుకుని పెద్ద వీధిలోని కొట్టుకి వెళ్ళాడు. ఆమె ఎప్పుడూ సరుకులకి వచ్చింది లేదు, అది ఆయన పని.

"బీరువాకి కాదు ఇవాళ. నీకే. ఏది కావాలంటే అది తీసుకో."

"నాకేం కావాలండీ?"

"ఏదైనా సరే. తీసుకో అంటున్నానుగా."

ఆమె రొట్టెల అర ముందు నిలబడింది. ఒక్కో పొట్లాన్నీ తిరగేసి, కళ్ళు చికిలించి తేదీలు చూసింది. చివరికి ముందు వరసలోంచి, అన్నిటికన్నా దగ్గరి గడువున్నది తీసి బుట్టలో వేసింది.

ఆయన ముందుకి వంగాడు. చెయ్యి లోపలికి చాచి, వెనకనుంచి తాజా రొట్టె లాగి ఆమె ముందు పెట్టాడు. "ఇది తీసుకోవోయ్. ఇవాళే వచ్చింది. చూడు, ఇంకా వెచ్చగా ఉంది."

ఆమె దాన్ని ముట్టుకుని చూసింది. వేళ్ళకి ఆ వెచ్చదనం బాగానే తగిలినట్టుంది, ఒక్క క్షణం తీయలేదు. తర్వాత జాగ్రత్తగా వెనక్కి, దాని చోటులోకే నెట్టేసింది.

"తర్వాత వచ్చేవాళ్ళకి ఉండనీయండి. మనకి ఇది చాలు."

"ఇవాళైనా..." అన్నాడు ఆయన.

"పదండి," అంది ఆమె, బుట్ట ఆయన చేతికిస్తూ. "పొద్దుపోతోంది."